గ్లౌబరు లవణము: మూడువందల యేండ్ల చరిత్ర



ఉప్పు గట్టిది, నీరు పలుచనిది, తేనె చిక్కనిది అని మనము బాల్యమునుండి ఎరిగియే యున్నాము. ఇందులో సందేహమునకు తావు లేదని తోచును. కాని ఒక లవణము కలదు. దానిని గాజుసీసాలో నుంచి బిరడా బిగించి, పుష్యమాసపు తెల్లవారుజామున చూచినచో, పటికబెల్లపు పలుకులవలె నిగనిగలాడు స్ఫటికములు కానవచ్చును. అదే సీసాను రోహిణికార్తెలో మిట్టమధ్యాహ్నమున చూచినచో, పైన నీరువంటి ద్రవమును, అడుగున తెల్లని పొడియును ఉండును. దానిలో ఎవరును నీరు పోయలేదు. దానిని ఎవరును పొయ్యిమీద పెట్టలేదు. సీసా ఉన్నచోటనే యున్నది. మారినది ఋతువు మాత్రమే.

దీనికి గ్లౌబరు లవణమని పేరు. రసాయనశాస్త్రమున దీనిని సోడియము సల్ఫేటు అందురు. ఈ లవణము ఒక యువకుని ప్రాణము నిలిపినది. మరియొకని ఆస్తిని, ఆయువును హరించిన పరిశ్రమకు మూలమైనది. తుదకు ఒక యింటిని సూర్యుని వేడిమితో వెచ్చగా నుంచు భారము దానిపై పడినది. ఈ మూడు కథలలోను ఒకే సంగతి ముఖ్యము: ఒక వస్తువు ఏ సమయమున గట్టిగా నుండును, ఏ సమయమున నీరగును, ఎంత చిక్కగా నుండును? ఇది పండితుల కాలక్షేపమునకు పుట్టిన ప్రశ్న కాదు. దీనిపై మనుష్యుల బ్రదుకులు ఆధారపడియున్నవి.

కథకు ముందు ఈ లవణము పుట్టిన వంశమునుగూర్చి రెండు మాటలు చెప్పవలెను. మనము తిను ఉప్పు, చాకలి సోడా, సబ్బు కాచుటకు వాడు కాస్టిక్ సోడా, ఇవన్నియు సోడియము అను లోహమునుండి పుట్టిన సమ్మేళనములు. ఆ లోహమును 1807లో హంఫ్రీ డేవీ అను ఆంగ్లేయుడు కాస్టిక్ సోడాలోనుండి విద్యుత్ప్రవాహముచేత వేరుపరచెను. ఈ సమ్మేళనములలో ధనవిద్యుత్తు గల కణములును, ఋణవిద్యుత్తు గల కణములును ఒకదాని నొకటి గట్టిగా ఆకర్షించుకొని బారులు తీరియుండును. ఆ పట్టు విడిపించుటకు చాల వేడిమి కావలెను. ఉప్పు కరగి ద్రవమగుటకు 801 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి పట్టును. నీరు లేని సోడాకు 851 డిగ్రీలు పట్టును. కాస్టిక్ సోడాకు సైతము 300 డిగ్రీలు దాటవలెను. కావున మన యిండ్లలోని వేడిమియందు సోడియపు లవణములు సాధారణముగా గట్టివే.

మరి వానాకాలమున కాస్టిక్ సోడా బిళ్ళలు జిగటగా నీరుకారుటకు కారణమేమి? అది వేడిమికి కరగుట కాదు. అవి గాలిలోని తేమను పీల్చుకొని, ఆ తేమలో తామే లీనమగుచున్నవి. చాకలి సోడా పలుకులది ఇందుకు విరుద్ధమైన నడత. పొడిగాలి తగిలినకొలది అవి తమలోని నీటిని విడిచి తెల్లని పిండియగును. 1818లో బవేరియా దేశీయుడైన ఫుక్సు అను రసాయనికుడు ఇసుకను క్షారముతో కలిపి, నీటిలో కరగెడు గాజును తయారుచేసెను. సోడియపు క్షారముతో చేసిన అట్టి నీటిగాజు పాకమువలె సాగును. అందులోని నీటిపాలు తగ్గినకొలది అది మరింత చిక్కబడును. చూడగా, సోడియపు లవణములయందు మనము చూచు పలుచదనమునకును, జిగటకును కారణము తరచుగా నీరే. ఈ సూత్రమును మనసునందుంచుకొని గ్లౌబరు కథకు పోవుదము.

జోహన్ రుడోల్ఫ్ గ్లౌబరు 1604లో జర్మనీదేశమునందలి కార్ల్‌స్టాట్ అను ఊర ఒక క్షురకునికి కుమారుడై పుట్టెను. విశ్వవిద్యాలయపు చదువు అతనికి లేదు. ఊరూర తిరిగి, మందులు చేయువారియొద్దను, లోహములు కరగించువారియొద్దను చేరి విద్య నేర్చుకొనెను. యౌవనమున ఆస్ట్రియాలోని వీనర్ నాయ్‌స్టాట్ అను పట్టణమున నుండగా అతనికి తీవ్రమైన జ్వరము సోకెను. హంగెరీ జ్వరమని ఆ కాలపువారు దానిని పిలిచెడివారు. జ్వరము తగ్గినను జీర్ణశక్తి నశించి, తిన్నది ఇముడక, శరీరము క్షీణింపసాగెను. ఆ ప్రాంతమువారు ఒక ఊటను చూపి, దాని నీరు త్రాగుమనిరి. త్రాగగా అతనికి ఆకలి పుట్టెను, క్రమముగా కోలుకొనెను.

మరియొకడైనచో ఆ ఊటకొక మ్రొక్కు చెల్లించి తన దారిన పోయియుండును. గ్లౌబరు అట్లు పోలేదు. ఆ నీటిలో ఏమున్నదో తెలిసికొనవలెనని దానిని మరగించి, చల్లారబెట్టి చూచెను. పొడవైన, పారదర్శకమైన స్ఫటికములు తేలెను. అది సురేకారమని కొందరు చెప్పిరి. పరీక్షింపగా కాదని స్పష్టమయ్యెను. తరువాత కొన్ని యేండ్లకు అతడు లవణామ్లము తయారుచేయుటకై సామాన్యమైన ఉప్పుపై గంధకామ్లము పోసి కాచుచుండెను. ఆమ్లము ఆవిరియై పోయినపిదప పాత్రలో మిగిలినదానిని నీటిలో కలిపి స్ఫటికములు కట్టించి చూడగా, అది నాడు ఊటనీటిలో చూచిన లవణమే. తన ప్రాణము నిలిపిన వస్తువు తన కొలిమియొద్దనే, పారవేయదగిన మడ్డిలో దొరకినది! గ్లౌబరు దానికి లాటిను భాషలో అద్భుతలవణమని పేరు పెట్టెను. అది మంచి విరేచనౌషధమై, చిరకాలము ఐరోపాఖండపు మందులంగళ్ళలో అమ్ముడుపోయెను. గ్లౌబరు ఆమ్‌స్టర్‌డామ్ నగరమున గొప్ప ప్రయోగశాల నడపి, కొలుములనుగూర్చి గ్రంథములు వ్రాసి, తుదిదినములలో వ్యాధిగ్రస్తుడై 1670లో మరణించెను.

గ్లౌబరు మరణించిన నూరేండ్లకు ఫ్రాన్సుదేశమున సోడాకు కరవు వచ్చెను. సబ్బునకు సోడా కావలెను, గాజునకు కావలెను, బట్టల పరిశ్రమకు కావలెను. అంతవరకు సముద్రతీరమున పెరుగు కొన్ని మొక్కలను కాల్చి, ఆ బూడిదనుండి సోడా తీసెడివారు. అందులో మేలైనది స్పెయినుదేశమునుండి రావలెను. యుద్ధము వచ్చినచో రాకపోకలు నిలిచిపోవును. సముద్రమునిండ ఉప్పు ఉన్నది. ఆ ఉప్పును సోడాగా మార్చు ఉపాయము చెప్పినవారికి 2,400 లివ్రులు బహుమానమిత్తుమని ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు ప్రకటించెను.

ఈ పనికి పూనుకొన్నవాడు నికొలా లెబ్లాను. ఓర్లేయన్స్ ప్రభువునకు వైద్యుడుగా నుండెను. అతని మార్గమునందు మొదటి మెట్టు మన గ్లౌబరు చూపినదే: ఉప్పుపై గంధకామ్లము పోసి కాచి సోడియము సల్ఫేటు తీయుట. రెండవ మెట్టు లెబ్లాను కనిపెట్టినది: ఆ సల్ఫేటును సున్నపురాతితోను, బొగ్గుతోను కలిపి కొలిమిలో కాల్చినచో నల్లని ముద్ద ఏర్పడును. దానిని నీటిలో నానబెట్టి వడకట్టినచో సోడా ఆ నీటిలోనికి దిగివచ్చును. 1791లో లెబ్లానునకు పదునైదేండ్ల హక్కుపత్రము లభించెను. ప్రభువు పెట్టుబడితో పారిసు నగరముచెంత సేండెనీలో కర్మాగారము వెలసెను.

అవి ఫ్రెంచి విప్లవపు దినములు. 1793లో ప్రభువు శిరచ్ఛేదమునకు పాలయ్యెను. కర్మాగారమును ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. మరుసటి యేడు, దేశహితముకొరకని, లెబ్లాను రహస్యమును అందరకు తెలియునట్లు ప్రకటించిరి. ఎవడైనను ఆ విధమున సోడా చేసికొనవచ్చును. కనిపెట్టినవానికి మాత్రము కాసు రాదు. పరిషత్తు బహుమానమును అతనికి దక్కలేదు. నెపోలియను కాలమున కర్మాగారమును తిరిగి యిచ్చిరి గాని, దానిని నడపుటకు అతనియొద్ద ధనము లేదు. 1806 జనవరిలో లెబ్లాను తన ప్రాణములను తానే తీసికొనెను. అటుపిమ్మట ఆ శతాబ్దమునందు ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల సోడా వర్తకులు అతని మార్గమునే కోట్లు గడించిరి.

ఇచట ఒక్క సంగతి గమనింపదగినది. ఉప్పు గట్టిది; ఆమ్లము ద్రవము. రెండును కలిసినపుడు ఒకటి గట్టి సల్ఫేటుగా పాత్రలో మిగిలెను. మరియొకటి లవణామ్లపు వాయువై పైకి లేచిపోయెను. అట్లు ఒకటి నిలిచి, ఒకటి పోవుటచేతనే ఆ పని సులభమయ్యెను. కాని పోయిన వాయువు ఎచటికి పోవును? పొగగొట్టములనుండి వెలువడి చుట్టుప్రక్కల పొలములపై దిగెను. ఇంగ్లండులో సోడా కర్మాగారముల దాపుననున్న పల్లెలలో చెట్లు మాడిపోయెను; పైరులు చెడెను. రైతుల మొర ఆలకించి 1863లో ఆంగ్లప్రభుత్వము ఒక శాసనము చేసి, ఆ వాయువులో నూటికి 95 పాళ్ళు నీటిలో పట్టి నిలుపవలెనని కర్మాగారములను నిర్బంధించెను. దానికి రెండేండ్లకు ముందే, 1861లో, బెల్జియము దేశీయుడైన ఎర్నెస్టు సోల్వే మరియొక మార్గము కనిపెట్టియుండెను. ఉప్పునీటిలోనికి అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును పంపినచో, అంతగా కరగని సోడియము బైకార్బనేటు అడుగున గట్టిగా పేరుకొనును. దానిని కాల్చి సోడా చేయవచ్చును. అందులో పొలములను మాడ్చు ఆ వాయువు పుట్టదు. క్రమముగా లెబ్లాను మార్గము వెనుకబడి, ఇరువదవ శతాబ్దపు మొదటి పాదము ముగియునప్పటికి అంతరించెను.

ఇక మన సీసాలోని వింతకు కారణమేమో చూతము. 19వ శతాబ్దపు ఆరంభమున గేలుస్సాకు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఏ లవణము ఎంత వేడినీటిలో ఎంత కరగునో కొలిచెను. సాధారణముగా నీరు వేడియైనకొలది లవణములు ఎక్కువగా కరగును. గ్లౌబరు లవణము మాత్రము కొంతదూరము ఆ నియమమును పాటించి పిదప వెనుకకు మరలినది. నూరుపాళ్ళ మంచుచల్లని నీటిలో, నీరు లేని సోడియము సల్ఫేటు లెక్కన, ఇంచుమించు 5 పాళ్ళు కరగును. 32 డిగ్రీలు దాటునప్పటికి 50 పాళ్ళు కరగును. మరుగునీటిలోనైతే 43 పాళ్ళకు మించదు.

దీని మర్మమిది. గ్లౌబరు లవణపు స్ఫటికమున ఒక్కొక్క సల్ఫేటు పాలికి పది నీటి అణువులు ఇమిడియుండును. తూచి చూచినచో నూటికి 56 పాళ్ళు నీరే. మన కంటికి గట్టి పలుకుగా కనబడునది సగముకంటె ఎక్కువ నీరన్నమాట! 32.4 డిగ్రీలవరకు ఆ నీరు స్ఫటికమున బందీయై యుండును. ఆ మేర దాటగానే స్ఫటికము నీటిని విడిచివేయును. విడుదలైన నీరు సల్ఫేటులో ఎక్కువభాగమును తనలో కరగించుకొనును; కరగనిది తెల్లపొడియై అడుగున చేరును. నీరు లేని ఆ పొడి విడిగా కరగవలెనన్నచో 884 డిగ్రీల వేడిమి కావలెను. నీటితో కూడియున్నపుడు 32 డిగ్రీలు, నీరు లేనపుడు 884 డిగ్రీలు! ఇంగ్లండు, జర్మనీ దేశములలో ఈ లవణము ఏడాదిలో ఎక్కువకాలము గట్టిగానే యుండును. మన దేశమున వేసవియంతయు మధ్యాహ్నమున ద్రవమై, రాత్రి చల్లబడినపుడు మరల గడ్డకట్ట జూచును. గది వేడిమియందు ఇది ఘనమా, ద్రవమా యని యడిగినచో, ఏ దేశపు గది, ఏ మాసమున అని తిరిగి అడుగవలసియుండును. ఈ మార్పు సరిగా ఒకే మేరయందు జరుగుటచేత, అమెరికాలో రిచర్డ్సు అను శాస్త్రజ్ఞుడు దానిని ఉష్ణమాపకములను సరిచూచుటకు గురుతుగా ఉపయోగించెను.

ఈ లవణమునకు మరి రెండు గుణములు కలవు. మొదటిది: కరగునపుడు చాల వేడిమిని లోపల దాచుకొని, గడ్డకట్టునపుడు దానిని తిరిగి యిచ్చును. ఒక కిలో లవణము కరగుటకు పట్టు వేడిమితో ఒక కిలో నీటిని ఇంచుమించు 60 డిగ్రీలు వేడిచేయవచ్చును. రెండవది: చల్లబడినను ఒక్కొక్కప్పుడు గడ్డకట్టుట మరచి ద్రవముగానే యుండిపోవును. చిన్న స్ఫటికపు రేణువును అందులో వేసినచో తటాలున గడ్డకట్టి, పాత్ర వెచ్చనగును. పాలు తోడుకొనుటకు చేమిరి కావలసినట్లే దీనికిని ఒక రేణువు కావలెను.

ఈ గుణములను నమ్ముకొని ఒక యింటిని వెచ్చగా నుంచదలచినది మరియా టెల్కెషు. ఆమె 1900లో హంగెరీ రాజధానియగు బుడాపెస్టులో పుట్టి, అమెరికాకు పోయి స్థిరపడిన శాస్త్రజ్ఞురాలు. ఆ దేశపు మసాచుసెట్సు రాష్ట్రమున చలికాలము కఠినమైనది. బొగ్గో, నూనెయో కాల్చనిదే యిల్లు వెచ్చగా నుండదు. పగటియెండలోని వేడిమిని లవణమున దాచి, రాత్రివేళ తీసికొనవచ్చునని ఆమె తలంచెను. 1948లో డోవరు అను ఊర అట్టి యిల్లు వెలసెను. దానిని రూపకల్పన చేసినది ఎలినారు రేమండు అను స్త్రీ. ధనమిచ్చినది అమీలియా పీబాడీ అను స్త్రీ. ఇంటి దక్షిణపుగోడ పైభాగమున గాజుపలకల వెనుక రేకులమర్చిరి. అచట వేడెక్కిన గాలిని పంకాలు గదుల నడుమనున్న అరలలోనికి నెట్టును. ఆ అరలలో ఇంచుమించు 20 టన్నుల గ్లౌబరు లవణము డబ్బాలలో నింపియుండెను. పగలు అది కరగవలెను. రాత్రి గడ్డకట్టుచు వేడిమి నీయవలెను.

తొలుత అది బాగుగనే పనిచేసెను. జనులు గుంపులుగా వచ్చి చూచిరి. కాని కొన్ని చలికాలములు గడచునప్పటికి ఇల్లు చల్లబడసాగెను. కారణము మనము సీసాలో చూచినదే. లవణము కరగినపుడు కరగని తెల్లపొడి బరువైనది గనుక డబ్బా అడుగునకు దిగిపోవును. నీరు పైన నిలుచును. మరల చల్లబడినపుడు పైనున్న నీటికి అడుగుననున్న పొడి అందదు. రెండిటి నడుమ స్ఫటికముల పొర ఒకటి అడ్డుగా ఏర్పడును. కరగి గడ్డకట్టిన ప్రతిసారియు ఎడము కొంత పెరుగును. దాచగల వేడిమి కొంత తరుగును. తుదకు ఆ యేర్పాటును తొలగించి సాధారణమైన కొలిమి నమర్చుకొనవలసి వచ్చెను.

ఈ వైఫల్యమునకు నివారణ ఎచట నున్నది? పెద్దలు ఊహింపగలరు. పలుచని నీటిలో పిండి కలిపినచో వెంటనే అడుగంటును. చిక్కని అంబలిలో నూక వేసినచో వ్రేలాడుచు నిలిచియుండును. 1851లో ఐర్లండులో పుట్టిన శాస్త్రజ్ఞుడగు స్టోక్సు ఈ సంగతినే లెక్కకట్టి, చిన్న రేణువు ఒక ద్రవములో దిగు వేగము ఆ ద్రవపు చిక్కదనము ఎన్నిరెట్లు పెరిగిన అన్నిరెట్లు తగ్గునని నిరూపించియుండెను. ఈ చిక్కదనమునే శాస్త్రమున స్నిగ్ధత యందురు. కావున లవణమును మార్చనక్కరలేదు. దాని ద్రవమును చిక్కబరచిన చాలును. టెల్కెషు పట్టువిడువక రెండు ఉపాయములు చేసెను. గడ్డకట్టుట మరవకుండుటకు చేమిరివలె వెలిగారము కొద్దిగా కలిపెను. ఈ సంగతి 1952లో ప్రకటించెను. వెలిగారముకూడ సోడియపు సమ్మేళనమే. పొడి అడుగంటకుండుటకు ఒకజాతి బంకమన్ను కలిపి ద్రవమును జావవలె చేసెను. ఈ మిశ్రమమునకు 1976లో హక్కుపత్రము పొందెను. అప్పటికామె వయసు డెబ్బదియైదు దాటినది. ఆమె 1995లో తాను పుట్టిన నగరమునందే కన్నుమూసెను.

నేడు సోడియము సల్ఫేటు బట్టలుదుకు పొడులలో విరివిగా కలియుచున్నది. రాజస్థానమున దీద్వానా సరస్సు నీటిలో అది సహజముగనే కలదు. చౌడు నేలలలో వేసవిని పైకి తేలు తెల్లని పెచ్చులలో సోడాతోపాటు ఇదియును తరచుగా ఉండును. లవణములలో ఎండవేడిమిని దాచు ప్రయత్నము లోకమున నిలిచియే యున్నది. అడుగంటుట, గడ్డకట్టుట మరచుట అను రెండు చిక్కులను జయించుటకు వెలిగారమును, చిక్కదనము నిచ్చు పదార్థములను చేర్చు మార్గము నేటికిని వాడుకలో నున్నది.

ఈ చరిత్రలో ముగ్గురును ఒకే లవణముతో వ్యవహరించిరి. గ్లౌబరు ఊటనీటిలో కంటికి కానరాని గట్టివస్తువును పట్టుకొనెను. లెబ్లాను మార్గమున గట్టిదానిని ఉంచుకొన్నవారు వాయువును పొరుగువాని పొలముమీదికి విడిచిరి. టెల్కెషు నీరైనదానిని మరల గట్టిపరచుటలో ఒకమారు ఓడి, ఆ ఓటమికి కారణము చిక్కదనము చాలకపోవుటయని గ్రహించి, ముదిమివరకు శ్రమించెను. గట్టిదనము, పలుచదనము వస్తువునకు పుట్టుకతో వచ్చిన గుణములని మనము తలంతుము. అవి వేడిమినిబట్టి, తేమనుబట్టి, ఇరుగుపొరుగున ఏమున్నదో దానినిబట్టి మారుచుండును. ఈసారి వానాకాలమున మీ యింటి ఉప్పుజాడీ చెమ్మగిల్లినపుడు దానిని విసుగుకొనక ఒక్కసారి పరికించి చూడుడు. అచటను నీరును, లవణమును ఈ పనియే చేయుచున్నవి.